రాయి అడుగున సీసం

తూకంలో మోసం పళ్ళెంలో ఉండదు, రాయి అడుగున ఉంటుందని తక్కెడాయన తన కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అది నిజమే. ఇనుప తూకపు రాయిని బోర్లిస్తే అడుగున చిన్న గుంట, గుంటలో సీసం, సీసం మీద సర్కారు ముద్ర. ఆ సీసాన్ని ఉలితో కాస్త గీకి తీస్తే కిలో రాయి తొమ్మిది వందల యాభై గ్రాములవుతుంది. పైకి చూస్తే అదే రాయి, అదే అంకె. దాన్ని తిప్పి చూసే తీరిక కొనేవాళ్ళకు ఉండదు, తిప్పి చూపించే అవసరం అమ్మేవాళ్ళకు ఉండదు.

నలభై ఏళ్ళుగా ఆయన త్రాసులూ రాళ్ళూ అమ్ముతున్నాడు, బాగుచేస్తున్నాడు. బజారు మలుపులో కొట్టు. ముందు గదిలో దూలానికి వేలాడే త్రాసులు, వెనక గదిలో సీసం కరిగించే చిన్న కుంపటి, ఒక దాగలి, ఒక బుల్లి సుత్తి. తన చేత్తో ఒక్క రాయినీ గీకి ఎరగడు. గీకిన వాళ్ళెవరో మాత్రం ఆయనకు వరసవారీగా తెలుసు. తెలిసి ఊరుకోవడం మోసం కాదు, వ్యాపారం అని ఆయన లెక్క. ఆ లెక్కతోనే పెళ్లి చేసుకున్నాడు, ఇల్లు కట్టాడు, ఒక్కగానొక్క కూతురిని పెంచాడు.

కూతురు పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉంటే వాళ్ళ నాయనమ్మ "గురివింద గింజంత ఉందిరా" అంది. అదే పేరై కూర్చుంది. ఆ గురివింద పదేళ్ళకే రెండు చేతుల్లో రెండు రాళ్ళు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏది తరుగో చెప్పేది. "మగపిల్లాడైతే కొట్టు నిలబెట్టేవాడు" అని ఎవరైనా అంటే తక్కెడాయన "నిలబెట్టడానికి కొట్టేమైనా పడిపోయిందా" అనేవాడు. అలా అనడం తన గొప్పతనంగా కూడా ఆయన లెక్కేసుకునేవాడు.

గ్రంథాలయం మేడ మీద యువజన సంఘం ఉండేది. పేరుకే యువజనం. బోర్డు మీద ఉన్నవన్నీ మగపిల్లల పేర్లే. ఆడపిల్లలు వెళితే కుర్చీలు వేయడానికి, మంచినీళ్ళు అందించడానికి. గ్రంథాలయంలోకి కొత్తగా ఉద్యోగానికి వచ్చినామె దాన్ని మార్చింది. ఊరంతా ఆమెను లైబ్రరీ అక్క అనేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నాలు ఆడపిల్లలకు వేరే సభ పెట్టి ఒకే ఒక్క నియమం పెట్టింది. వారానికొక పిల్ల అధ్యక్షురాలు. చీటీ తీస్తే ఎవరి పేరు వస్తే వాళ్ళు కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్న పిల్ల నిజమే మాట్లాడాలి, ఆ పిల్ల మాట్లాడుతుంటే అక్కతో సహా ఎవరూ అడ్డు రాకూడదు.

గురివిందకు మొదటిసారి చీటీ వచ్చిన రోజు వాన. గొడుగు ఇచ్చే నెపంతో తక్కెడాయన మేడ మెట్ల మీద నిలబడి విన్నాడు. మొదట్లో కూతురి గొంతు దారప్పోగులా ఉంది. దారం మిల్లు దారిలో దీపాల్లేవని, సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చే పిల్లలు గుంపులు కట్టుకుని పరిగెత్తాల్సి వస్తోందని చెప్పింది. అర్జీ పెడదామన్నవాళ్ళు చేతులెత్తమంది.

"వద్దన్నవాళ్ళు కారణం చెప్పండే" అంది.

"మా నాన్న తిడతాడే" అందొక పిల్ల.

"అది కారణం కాదే, వాతావరణం. గొడుగేసుకుని పోవాలి."

మేడంతా నవ్వింది. మెట్ల మీద గొడుగుతో నిలబడ్డ తండ్రి కూడా నవ్వుకున్నాడు. ఆ పూట ఆయన కాళ్ళు నేల మీద లేవు.

ఆర్నెల్లలో మిల్లు దారికి దీపాలొచ్చాయి. మిల్లులో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ వచ్చింది. తొమ్మిది మంది పిల్లలు సైకిలు నేర్చుకున్నారు. పేరడిగితే తల్లి వెనక దాక్కునే పిల్ల ఒకతి పురపాలక కార్యాలయంలో అర్జీ చదివి, సంతకం పెట్టేదాకా బల్ల ముందు నుంచి కదల్లేదు.

ఆ ఊపులోనే గురివింద ఒక రోజు కొట్లోకి వచ్చింది.

"నాన్నా, నీ ఇత్తడి పెట్టె కావాలి."

ఇత్తడి పెట్టె అంటే ఆయన ప్రాణం. మఖ్మల్ గుంటల్లో వరసగా పేర్చిన నికరమైన తూకాలు. బజార్లో ఏ రాయి నిజమో ఏది అబద్ధమో తేల్చేవి అవే.

"ఎందుకే?"

"మిల్లు పిల్లల అమ్మలు శనివారం సరుకులు కొంటారు కదా. ఇంటికెళ్ళి తూస్తే ప్రతిసారీ తరుగు. మేం కొట్టు కొట్టుకీ వెళ్ళి రాళ్ళు తూస్తాం. అందరి ముందూ."

"బజారే కదే మన బేరం. వాళ్ళతో పెట్టుకుంటే మనం గాలి తూచుకుని బతకాలి."

"నిజం రాయి అమ్మేవాడివి నువ్వు. ఆ రాయి మీద మాకున్న నమ్మకం నీకు లేదా?"

ఆ మాటకు ఆయన పడిపోయాడు. పెట్టె తీసి చేతికిచ్చాడు. ఇచ్చి, అలవాటుగా అడిగాడు.

"ఎప్పుడు వెళ్తున్నారు?"

"వచ్చే శనివారం. ఎవరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తానే."

గురువారం పొద్దున పప్పుల బావ వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు. నలభై ఏళ్ళ పరిచయం మీద బావ అయ్యాడు. పప్పుల టోకు కొట్టు అతనిది, వర్తక సంఘం అధ్యక్షుడు. టీ తాగుతూ లోకాభిరామాయణం మాట్లాడుతుంటే తక్కెడాయన మనసులో త్రాసు ఊగింది. ఈ పళ్ళెంలో కూతురు, ఆ పళ్ళెంలో బజారు. ఒక్కడికి చెబితే బజారుకంతా చెప్పినట్టేనని ఆయనకు తెలియక కాదు.

"శనివారం రాళ్ళు ఓసారి చూసుకో బావా. పిల్లలు సరదాపడుతున్నారు."

పప్పుల బావ గ్లాసు కింద పెట్టాడు. "పిల్లలా, పులులా?" అని నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. "నా రాళ్ళకి కొంచెం ఒంట్లో బాగాలేదు. మందేమైనా వేస్తావా?"

ఆ రోజూ మర్నాడూ మధ్యాహ్నాలు, శనివారం ఏర్పాట్ల కోసం గురివింద సంఘానికి వెళ్ళిన సమయం చూసి, పద్దెనిమిది కొట్ల రాళ్ళు గోనె సంచుల్లో వెనక గుమ్మానికి వచ్చాయి. తక్కెడాయన కుంపటి రాజేసి గుంట గుంటలో సీసం పోశాడు. పోసినది గట్టిపడేలోపు బుల్లి సుత్తితో మూడు దెబ్బలు వేయడం ఆయన అలవాటు. వాటిని మూడు మొట్టికాయలు అనేవాడు. సీసానికి బుద్ధి వస్తుందట. కూలి కూడా తీసుకోలేదు. పిల్లలు కోరేది రాళ్ళు సరిగా ఉండాలని, ఉంటాయి. బజారు కోరేది పరువు పోకూడదని, పోదు. ఇటు పళ్ళెం, అటు పళ్ళెం, ముల్లు మధ్యలో. తన జన్మలో ఇంత చక్కని తూకం తూయలేదనుకున్నాడు.

శనివారం పిల్లలు బయల్దేరారు. ముందు గురివింద, వెనక పాతిక మంది పిల్లలు, వాళ్ళ వెనక సంచులు పట్టుకున్న మిల్లు ఆడవాళ్ళు. మొదటి కొట్లో రాళ్ళు తూచారు. సరిగ్గా ఉన్నాయి. రెండో కొట్లో ఉన్నాయి. మూడో కొట్లో గురివింద ఎందుకో కాసేపు ఆగింది. ఆ తర్వాత ఆమె తూకం వేయలేదు. పెట్టె పక్క పిల్లకిచ్చి వెనక నడిచింది. ఏడో కొట్టు దగ్గరికి వచ్చేసరికి బజారు నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మాయిగారూ, మా ఆవిడ రోజురోజుకీ తగ్గుతున్నానంటోంది. కాస్త తూచి పెడతారా?"

"నీ పెళ్ళాం తరుగు కాదురా, నీ మాటలే తరుగు" అందొక మిల్లామె. కానీ ఆ మాటలో ఊపు లేదు. పద్దెనిమిదో కొట్టు దాటేసరికి, ఇన్నేళ్ళూ తరుగు సరుకు మోసుకెళ్ళిన ఆడవాళ్ళంతా నడివీధిలో అబద్ధాలకోరుల్లా నిలబడ్డారు.

సోమవారం వర్తక సంఘం హాల్లో పంచాయితీ. పిల్లలకు కుర్చీలు వేయలేదు. గోడ వారగా నిలబెట్టారు. తక్కెడాయన సభ్యుడు కాబట్టి ముందు వరసలో కూర్చున్నాడు.

"ఆడపిల్లలు త్రాసులు పట్టుకుని బజారెక్కితే అడ్డెవరు?" అన్నాడు పప్పుల బావ. "మర్యాదస్తుల్ని దొంగలన్నారు. క్షమాపణ చెప్తారా, పైవాళ్ళకి రాయమంటారా?"

"ఓ నెలాగి మళ్ళీ తూద్దాం. అప్పుడూ సరిగా ఉంటే నేనే చెప్తాను క్షమాపణ" అంది లైబ్రరీ అక్క.

"నెలదాకా మీ ఉద్యోగం ఆగుతుందో లేదో ముందది చూసుకోండమ్మా."

అప్పుడు గురివింద గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. తండ్రి వైపు చూసింది. ఊగే ముల్లు నిలదొక్కుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూసింది. ఆయన తల వంచుకుని బొటనవేలి గోటి కింద ఇరుక్కున్న సీసం నలుసును చూసుకుంటూ కూర్చున్నాడు.

"తప్పు నాది. రాళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి. క్షమించండి" అంది.

అంతటితో సంఘం పని అయిపోయింది. రెండు నెలల్లో లైబ్రరీ అక్కకు బదిలీ అయింది. మేడకు తాళం పడింది. సైకిలు నేర్చుకున్న పిల్లల సైకిళ్ళు అన్నదమ్ముల పాలయ్యాయి. మిల్లు దారిలో దీపాలు ఒక్కొక్కటే మాడిపోతే అర్జీ రాసేవాళ్ళు లేరు. వానాకాలం రాకముందే రాళ్ళ అడుగున సీసం మళ్ళీ గీకారు. అది తక్కెడాయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గురివింద కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా తండ్రిని నువ్వు అనే పిల్ల, పంచాయితీ మర్నాటి నుంచి మీరు అంది. ఇరుగుపొరుగు మురిసిపోయారు. ఎంత అణకువ అన్నారు. పెళ్లి సంబంధం చూస్తే "మీ ఇష్టం నాన్నా" అంది. పెళ్లయి రెండు వీధుల అవతల కాపురం పెట్టాక కూడా పగలంతా కొట్లోనే ఉండేది. పాత త్రాసులు అమ్మేద్దామా అంటే మీ ఇష్టం. ఉంచుదామా అంటే మీ ఇష్టం. అంకెలు వెలిగే కాటాలు వస్తే వాటి మరమ్మతు తండ్రికంటే ముందే నేర్చుకుంది. అది బాగుందా ఇది బాగుందా అంటే మాత్రం అదే జవాబు.

"కొండకి చెప్పుకున్నా మారుమాట వినిపిస్తుంది. దీన్నేం చేశావయ్యా?" అని భార్య అడిగింది ఒకసారి. ఆయన చెప్పులేసుకుని కొట్టుకు పోయాడు.

కూతురికి నిజం చెప్పాలని ఉండేది. ఓడిపోయానన్న సిగ్గుతో పిల్ల ముడుచుకుపోయిందని ఆయన నమ్మకం. నువ్వు ఓడిపోలేదే, నేనే ఓడించానని చెబితే ముడి విడిపోతుందేమోననిపించేది. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాడు. మనవడు పుట్టాక అనుకున్నాడు. మంచి ధర కోసం సరుకు దాచి దాచి పురుగు పట్టించిన వర్తకుడిలా ఆ మాటను లోపలే ఉంచుకున్నాడు. పదకొండేళ్ళు గడిచాయి.

ఒక పొద్దున ఇద్దరు పిల్లలు కొట్టు ముందు సైకిలు దిగారు. ఒకతి పొడుగ్గా ఉంది, ఇంకోతికి కళ్ళజోడు. పదిహేడేళ్ళు ఉంటాయేమో. గురివింద వెనక గదిలో కాటా విప్పుకుని కూర్చుని ఉంది.

"తాతగారూ, మీ దగ్గర ఇత్తడి పెట్టె ఉందటగా" అంది పొడుగుపిల్ల.

"ఎవరు చెప్పారమ్మా?"

"మా పిన్ని. తను కూడా అప్పట్లో మేడ మీద సంఘంలో ఉండేదట. సైకిలు అక్కడే నేర్చుకుందట. ఇప్పుడు మేడ మళ్ళీ తీయించాం. బజారు కాటాలు తూద్దామనుకుంటున్నాం."

"అంకెలు వెలుగుతున్నాయి కదా అని నమ్మేస్తున్నాం గానీ, పావుకిలో పిండి ఇంటికొచ్చేసరికి చిక్కిపోతోంది తాతగారూ" అంది కళ్ళజోడు పిల్ల.

తక్కెడాయనకు కళ్ళు చెమర్చాయి. పోయిన బేరం తిరిగి గుమ్మం తొక్కిందనుకున్నాడు. లేచి బీరువా తెరిచి, పెట్టె దించి, పైపంచెతో దుమ్ము తుడిచాడు. "తీసుకెళ్ళండమ్మా. అడగాలా" అన్నాడు. అని, యాభై ఏళ్ళ నాలుక కదా, ఆగలేదు.

"ఎప్పుడు వెళ్తున్నారు?"

పొడుగుపిల్ల నోరు తెరిచింది.

"చెప్పకు."

వెనక గదిలోంచి వచ్చిన ఆ మాట గట్టిగా ఏమీ లేదు. గురివింద చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. తండ్రి వైపు చూడలేదు.

"ఎప్పుడు వెళ్తారో ఎవరికీ చెప్పకండి. ఈ కొట్లో అసలే చెప్పకండి" అంది. పెట్టె ఆయన చేతుల్లోంచి తీసుకుని కళ్ళజోడు పిల్లకిచ్చింది. "తూచే ముందు కాటాని వెనక్కి తిప్పి చూడండి. తీగకి సీసం బిళ్ళ వేలాడుతుంటుంది. పాతదైతే మసిబారి ఉంటుంది. తెల్లగా మెరుస్తుంటే నిన్నోమొన్నో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఆ మాట అక్కడే, అందరి ముందూ అనండి. ఎవరి చేతిపనైనా సరే అనండి."

"మీరూ రండక్కా" అంది పొడుగుపిల్ల.

"నేనొస్తే ఏ రోజో ఈయనకి తెలిసిపోతుంది."

పిల్లలిద్దరికీ ఏమీ అర్థం కాలేదు. పెట్టె సైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయారు. తక్కెడాయన స్టూలు మీద కూలబడ్డాడు. వేలాడే త్రాసు ఒకటి గాలికి కొంచెంగా ఊగింది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"మూడో కొట్లో. రాయి చేతిలోకి తీసుకుంటే అనుమానం వచ్చి తిప్పాను. సీసం వెండిలా ఉంది. ముద్ర లేదు. మూడు మొట్టికాయలున్నాయి."

"అక్కడే అనకపోయావా?"

"ఏమనాలి? వీళ్ళు దొంగలు, నిన్ననే మా నాన్న వీళ్ళని దొరల్ని చేశాడనా? ఆ మాటంటే మిమ్మల్ని బజారూ బతకనిచ్చేది కాదు, మిల్లు వాళ్ళూ బతకనిచ్చేవాళ్ళు కాదు."

"మరి ఆ రోజు హాల్లో..."

"హాల్లో మీ వైపు చూశాను. మీరు చెప్తారేమోనని."

ఆయన బొటనవేలు చూసుకున్నాడు. గోరు శుభ్రంగానే ఉంది. ఆ చూపు సాయం అడిగిందని ఒక ఏడు, తప్పు పట్టిందని ఒక ఏడు, ఇన్నేళ్ళూ రకరకాలుగా లెక్కకట్టాడు. ఆమె తన వంతు ఆయనకిచ్చి ఎదురుచూసిందన్న సంగతి ఏ లెక్కలోనూ తగల్లేదు. ఆ రోజు హాల్లో మాట్లాడటానికి ఆయనకు ఒక నిమిషం దొరికింది. అడ్డొచ్చేవాళ్ళు కూడా లేరు.

"పోనీ సంఘం ఎందుకు మానేశావే? మీ అక్కకైనా చెప్పొచ్చుగా."

"ఆ కుర్చీలో కూర్చుంటే నిజం చెప్పాలి నాన్నా. మిమ్మల్ని కడుపులో పెట్టుకుని ఎలా కూర్చోను?" ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. "నేనొక్కదాన్నీ మానేస్తే పోతుందనుకున్నాను. సంఘమే పోయింది."

క్షమించమని అడగబోయి ఆగాడు. అదే మాట ఆ పిల్ల చేయని తప్పుకు నలుగురిలో నిలబడి చెప్పింది. తను ఇప్పుడు నాలుగు గోడల మధ్య చెబితే అది తరుగు తూకమే.

"రేపు మా చెల్లెలింటికి పోతాను" అన్నాడు. "పది రోజులుంటాను. కొట్టు తాళం నీ దగ్గరే ఉంచు. ఏ రోజన్నది నా చెవిన పడదు. పొమ్మంటావా?"

మీ ఇష్టం అంటుందని ఎదురుచూశాడు.

"వెళ్ళండి" అంది.

పది రోజులూ చెల్లెలింట్లో పొద్దున లేవగానే ఇవాళేనేమో అనుకున్నాడు. పదకొండో రోజు బస్సు దిగి నడుస్తుంటే పప్పుల బావ ఎదురయ్యాడు. ముసలివాడయ్యాడు, చేతిలో కర్ర. కొట్టు మాత్రం ఇంకా అతనే చూసుకుంటున్నాడు. పలకరించలేదు.

"బజారు పరువు తీసేదాకా ఊరు దాటిపోయి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? ముందో మాట చెప్పకూడదూ?"

"నాకు తెలీదు బావా."

"నీకు తెలీదా. నీ కూతురే ముందు నిలబడి కాటాలు తిప్పి చూపిస్తుంటే, నీకు తెలీదా" అని కర్ర టకటకలాడించుకుంటూ పోయాడు.

కొట్టు దగ్గరికి వస్తే పట్టపగలు తలుపులు మూసి ఉన్నాయి. పక్క కొట్టు దర్జీ మిషను ఆపి తల బయటపెట్టాడు. "ఆదివారం కదండీ, అమ్మాయిగారు గ్రంథాలయం మేడ మీదికెళ్ళారు. ఇవాళ చీటీ ఆవిడకే వచ్చిందట" అన్నాడు.

తక్కెడాయన సంచీ దర్జీ దగ్గర పెట్టి గ్రంథాలయం దాకా వెళ్ళాడు. మేడ మెట్లు రెండెక్కాడు. పైనుంచి పిల్లల నవ్వు వినిపించింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు. ఇంకో రెండు మెట్లెక్కితే కూతురి మాట వినబడుతుంది. వినాలని ప్రాణం కొట్టుకుంది. పదకొండేళ్ళుగా వినని గొంతు.

ఆ వానరోజు ఇదే మెట్టు మీద గొడుగుతో నిలబడ్డాడు. అప్పుడు విన్నది ఎవరికీ చెప్పలేదు, అవసరం రాలేదు కాబట్టి. ఇప్పుడు ఏ పిల్లయినా వంగి చూసి, మెట్ల మీద తాతగారున్నారంటే, పైన ఉన్న మనిషి గొంతు తగ్గించుకోవాల్సి వస్తుంది.

వచ్చిన మెట్లు చప్పుడు కాకుండా దిగాడు. తిరిగి కొట్టు దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, మూసిన తలుపుల ముందు అరుగు మీద కూర్చున్నాడు. తాళం చెవి కూతురి దగ్గరుంది. సభ ఎంతసేపు జరుగుతుందో దర్జీకి తెలిసి ఉండొచ్చు గానీ, ఆయన అడగలేదు.